వయసు పైబడితే మెదడులో ఇన్సులిన్ పని తగ్గుతుందా?

కావలి నుంచి ఒకరి ప్రశ్న: "మా నాయనకు డెబ్బై దాటాయి, షుగరుంది. పొద్దున పాలవాడికిచ్చిన డబ్బులు సాయంత్రానికి గుర్తుండవు. షుగర్ వల్లేనా?"

కొంతవరకు కావచ్చు. చక్కెర తీసుకోవడానికి మెదడు కణాలు ఇన్సులిన్ మీద పెద్దగా ఆధారపడవు. అక్కడ దాని పని వేరు: కొత్త జ్ఞాపకాలు ఏర్పడే హిప్పోక్యాంపస్‌లో నాడీకణాల మధ్య బంధాలు గట్టిపడటానికి సాయపడుతుంది. వయసు మీదపడేకొద్దీ రక్తం నుంచి మెదడులోకి చేరే ఇన్సులిన్ తగ్గుతుంది. చేరినదానికీ కణాలు అంతగా స్పందించవు. షుగర్ తోడైతే ఇంకాస్త ముదురుతుంది. మతిమరుపుకు ముక్కులో కొట్టే ఇన్సులిన్ మీద ఆశలుండేవి గానీ, 2020లో వెలువడిన అమెరికా ట్రయల్‌లో మేలు కనిపించలేదు. దానికన్నా రోజూ నడక నయం.

అయినా మతిమరుపంతా షుగర్ ఖాతాలో వేయకండి. నెల్లూరో ఒంగోలో తీసుకెళ్లి థైరాయిడ్, బి12 కూడా చూపించండి. షుగర్ మందు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బి12 తగ్గొచ్చు.