జేసా ఆపేస్తే నింద నా మీదేనా?

ప్రశ్న: మాది గుంటూరు. మావారు కొరియన్, ఇంటికి పెద్ద కొడుకు. కొరియాలోని సువాన్‌లో ఉంటున్నాం. మామగారు పోయి నాలుగేళ్లయింది. ఛుసోక్ (పంటల పండగ), సొల్లాల్ (కొత్త సంవత్సరం) పండగలకీ, మూడు తరాల తద్దినాలకీ (వీటినే ఇక్కడ జేసా అంటారు) వంటంతా అత్తగారిదీ నాదే. మగవాళ్లు దణ్ణాలు పెట్టి భోజనానికి కూర్చుంటారు. ఈ మధ్య ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయింది. మావారు "ఇక జేసా వద్దు, ఈ ఛుసోక్‌కి టూర్ వెళ్దాం" అనేశారు. అత్తగారు ఏడ్చారు. నాకూ ఆ చాకిరీ వద్దు. కానీ పరాయి దేశపు కోడలొచ్చి పెద్దలకు పెట్టడం మాన్పించిందన్న మాట పడలేను. ఏం చేయను?

జవాబు: అమ్మా, ముందు మీవారి సంగతి. ఆపేద్దామన్న మనిషి ఇన్నేళ్లలో ఒక్కసారైనా పొయ్యి దగ్గర నిలబడ్డారా? మీరు రాయలేదు కాబట్టి లేదనే అనుకుంటున్నాను. అత్తగారు ఒంట్లో ఓపికంతా పోసి చేసిన పనిని ఒక్క మాటతో కొట్టిపారేస్తే, కొడుకు తనకి విశ్రాంతి ఇస్తున్నాడని ఆవిడకి అనిపించదు. పైగా ఆవిడ పెట్టేది సొంత భర్తకి. "రేపు నేను పోతే నాకెవరు పెడతారు" అన్న దిగులూ ఆ ఏడుపులో ఉండొచ్చు.

అందుకే పూర్తిగా ఆపొద్దంటాను. తగ్గించండి. తగ్గించడానికి ఆధారాలు వాళ్ల సంప్రదాయంలోనే ఉన్నాయి. కన్ఫ్యూషియన్ ఆచారాలకు పెద్దదిక్కైన సొంగ్యున్‌గ్వాన్ 2022 ఛుసోక్‌కి ముందే చెప్పింది: సోంగ్‌ప్యోన్ (బియ్యప్పిండి కుడుములు), నమూల్ కూర, కాల్చిన వంటకం ఒకటి, కిమ్చి, పళ్లు, మద్యం ఉంటే చాలు, జోన్‌లు (పిండిలో ముంచి వేయించే అట్లు) వేయించక్కర్లేదని. పొద్దుటి నుంచీ మీ నడుం విరిచేది ఆ జోన్‌లే కదా! 2023లో మరో మాట కూడా చెప్పారు. తద్దినం అర్ధరాత్రే పెట్టాలని లేదు, సాయంత్రం పెట్టుకోవచ్చు. తల్లిదండ్రులిద్దరివీ కలిపి ఒకే రోజు చేసుకోవచ్చు.

"తరతరాలుగా ఇలాగే చేస్తున్నాం" అని ఏ చిన్నత్తగారో అంటారు. 1485 నాటి జోసన్ రాజుల శాసన గ్రంథం మామూలు జనానికి విధించింది తల్లిదండ్రుల వరకే. నాలుగు తరాలకు పెట్టడం తర్వాతి కాలంలో దొరల ఇళ్లను చూసి అందరికీ పాకింది. అప్పట్లో కూతుళ్లూ వంతులేసుకుని పెట్టేవారు. ఐదు వేల వాన్ నోటు మీది పండితుడు యుల్గోక్ గారి తోబుట్టువులు, అక్కచెల్లెళ్లతో సహా, 1566లో ఆస్తి పంచుకుంటూ రాసుకున్న కాగితం ఇప్పటికీ ఉంది; వంతులు మాని జేసా పెద్ద కొడుకు ఇంట్లోనే పెట్టాలన్నా, అందుకు బియ్యం మాత్రం అందరూ ఇవ్వాలని అందులో రాసుకున్నారు. ఇక 2023 మేలో సుప్రీంకోర్టు తీర్పు మీవారికి తెలిసే ఉంటుంది: ఇంట్లో ఒప్పందం కుదరకపోతే జేసా పెత్తనం పెద్ద సంతానానిదే, ఆడైనా మగైనా. మీ ఆడపడుచు ఉంటే ఆవిడనీ మాటల్లోకి పిలవాలి.

ఇవన్నీ మీ నోటితో చెప్పకండి. కోడలు చెబితే వాదన, కొడుకు చెబితే కబురు. మీవారు ఒక్కరే వెళ్లి తల్లి దగ్గర కూర్చుని, ఏది ఉండాలని ఉందో ఆవిడనే అడగాలి. నా ఊహ, మామగారి తద్దినం వదులుకోరు. అది నిలపండి. పై తరాల వాళ్లవి ఒక రోజుకి కలిపేయమని కొడుకే అడగొచ్చు. సరుకులు తేవడం, కూరలు తరగడం, గిన్నెలు తోమడం ఆయనవీ తమ్ముళ్లవీ. జోన్ లేకుండా ఆవిడకి మనసొప్పకపోతే బజార్లో కొనండి, ఏ కొట్లో కొనాలో ఆవిడనే చెప్పనివ్వండి. ఆవిడకి తెలియకుండా ప్యాకెట్లు తెచ్చి పళ్లెంలో సర్దేయడం మాత్రం వద్దు.

మీ వంతుగా ఒకటి చేయొచ్చు. చాలా ఏళ్లలో ఛుసోక్ పున్నమి మన భాద్రపద పున్నమే, మర్నాటి నుంచి మహాలయ పక్షాలు. మీ ఇంట్లో తద్దినానికి గారెలు ఎవరు వండేవారో, విస్తళ్ల దాకా ఏమేం జరిగేవో ఆవిడకి చెప్పండి. దీంతో ఆవిడ మారిపోతారని కాదు. పెద్దలకు పెట్టడమంటే తెలియని పిల్లవి కాదని తెలుస్తుంది, అంతే.

నింద మాటకొస్తే, ఎంతో కొంత వస్తుంది. దాన్ని మోయాల్సింది మీరు కాదు. నిర్ణయం అయ్యాక "అమ్మా నేనూ అనుకుని ఇలా మార్చాం" అని చుట్టాల కకావ్‌టాక్ గ్రూపులో మీవారే రాయాలి. పండగనాడు ఎవరైనా మిమ్మల్ని దెప్పితే జవాబు ఆయనదే. అలా నిలబడనంటే అప్పుడు మీ ఇద్దరికీ మధ్య తేలాల్సింది వేరే ఉంది, విడిగా రాయండి. టూర్ టికెట్లు ఇంకా కొనకపోతే ఈ ఛుసోక్‌కి ఆగమనండి. సొల్లాల్ తర్వాత వెళ్లొచ్చు, ఆవిడ మోకాలు సహకరిస్తే ఆవిడనీ తీసుకుని.