స్టేటస్ ఎవరు చూశారు?

ప్రశ్న: తెనాలిలో టీచర్ని. ఆదివారాలు సండే స్కూల్ పిల్లలకు చెబుతాను. తెల్లవారుజామున అయిదింటికి లేచి ఫోన్లో బైబిలు చదివి, ఒక వాక్యం స్టేటస్ పెడతాను. ఎవరెవరు చూశారో చూసుకునేసరికి ఆరవుతోంది. కుటుంబ ప్రార్థనలో ఫోన్ పట్టుకున్నాడని మావాణ్ణి కేకలేస్తే, ‘ముందు నువ్వు మానెయ్’ అన్నాడు. ఇంటరు చదివేవాడు నాకు చెప్పడమా? మా అమ్మ బైబిలు ఇంట్లో ఉంది గానీ అక్షరాలు ఆనడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీవాడి మాట కటువుగానే ఉంది. కానీ అందులో అబద్ధం లేదని మీకూ తెలుసు. తెలియకపోతే ఆ మాట నాకు రాసేవారే కాదు.

వాక్యం పదిమందికి పంపడం తప్పని నేననను. ఇబ్బందంతా కింద ఉండే ఆ కన్ను బొమ్మతోనే. నొక్కితే పేర్లు వస్తాయి. సంఘంలో ఫలానావిడ చూసి కూడా ఒక్క మాట అనలేదేమని మనసు అటు పోతుంది. మత్తయి సువార్త 6వ అధ్యాయంలో ధర్మం, ప్రార్థన, ఉపవాసం మూడింటికీ ప్రభువు ఒకే హెచ్చరిక చేశాడు: మనుషులు చూడాలని చేయొద్దని. ప్రార్థనకైతే గదిలోకి వెళ్లి తలుపు వేసుకోమన్నాడు. మీరు గదిలోకి వెళ్తున్నారు, తలుపూ వేస్తున్నారు, చేతిలో మాత్రం ఊరంతటికీ కిటికీ తెరిచి పెట్టుకుంటున్నారు.

వాట్సాప్‌లో ప్రైవసీలోకి వెళ్లి రీడ్ రిసీట్స్ ఆపేయండి. ఇక మీ స్టేటస్ ఎవరు చూసిందీ మీకు కనబడదు. మొదటి వారం చేయి ఊరుకోదు. ఆ సంగతే దేవుడికి చెప్పుకోండి, అందమైన మాటలు వెతక్కుండా.

ఇంకొకటి. గ్రూపులో ఎవరో ‘నాన్నకు ఆపరేషన్, ప్రార్థించండి’ అని పెడతారు. క్షణంలో నలభై దండాలు పడతాయి. (ప్రార్థన చేయకుండానే నేనూ పెట్టాను, చాలాసార్లు.) ఈసారి ఆ బొమ్మ పెట్టకుండా, కళ్లు మూసుకుని ఆ పెద్దాయన పేరు పలికి ప్రార్థించండి. సాయంత్రం వాళ్లకొక ఫోన్ చేయండి. చేశానని గ్రూపులో చెప్పకండి.

ఇక మీ అబ్బాయి. చర్చిలో పదిమంది ముందు మోకరించడం తేలికే, కన్నకొడుకు ముందు తగ్గడమే కష్టం. ఈ రాత్రి ప్రార్థనకు ముందు ‘నువ్వన్నది నిజమేరా’ అనండి, అంతే. ‘కానీ నువ్వు కూడా...’ అని తోక తగిలించకండి. మీ ఫోన్ తీసుకెళ్లి వంటింట్లో పోపులపెట్టె పక్కన పెట్టి రండి. వాడు తనది పెట్టాడా లేదా అని చూడకండి. పెట్టకపోయినా పాట ఎత్తుకోండి.

అమ్మగారి బైబిలు సంగతంటారా, కళ్లు ఎప్పుడు చూపించుకున్నారు? ఈ శనివారం వెళ్లి కళ్లజోడు నంబరు మార్పించుకు రండి.