పాఠకుల ప్రశ్నలు: బ్లాక్ సబ్బత్ తొలి ఆల్బమ్

ప్రశ్న: బ్లాక్ సబ్బత్ అనే బ్రిటిష్ రాక్ బృందం తొలి ఆల్బమ్‌లో మొదటి పాట రిఫ్ (పదేపదే వచ్చే గిటార్ పలుకు) మూడు స్వరాలేనంటారు. నేను వాయిస్తే ఆ భయం రావడం లేదు. ఆంప్లిఫయర్ మీద గెయిన్ (శబ్దాన్ని గరుకుగా చేసే నాబ్) చివరిదాకా తిప్పినా అంతే. లోపం ఎక్కడ? (విజయవాడ)

గెయిన్ చివరిదాకా తిప్పడంలోనే ఉంది. స్వరాలు కింది జి, పై జి, సి షార్ప్. మామూలు ట్యూనింగులో ఆరో తీగ 3వ ఫ్రెట్, నాలుగో తీగ 5వ ఫ్రెట్, అయిదో తీగ 4వ ఫ్రెట్ మీద దొరుకుతాయి. మొదటి రెండూ నిలకడగా మోగాలి. మూడోదాన్ని మీటి వదిలేస్తే చాలదు. దాని పై స్వరమైన డి తో కలిపి వేలితో త్వరత్వరగా కొడుతూ వణికించాలి.

గెయిన్ ఎక్కువైతే గట్టిగా మీటినా మెల్లగా మీటినా శబ్దం ఒకే మందాన వస్తుంది. ఈ రిఫ్‌కి ప్రాణం మీటిన దెబ్బలోనూ, అది అణగిపోయే తీరులోనూ ఉంది. ఆంప్ మీద 10కి 4 లేదా 5 దగ్గర ఆపండి. బేస్ కూడా తగ్గించండి, చిన్న ఆంపుల్లో అది పెరిగితే అంతా ముద్దగా వినిపిస్తుంది. బృందం గిటారిస్టు టోనీ అయోమీ లానీ ఆంప్ ముందు డల్లాస్ రేంజ్‌మాస్టర్ అనే ట్రెబుల్ బూస్టర్ పెట్టుకునేవాడు. అంటే ఆయన పెంచుకున్నది పైస్థాయిని. అడుగు బరువు గీజర్ బట్లర్ బేస్ గిటార్ మోసింది. బేస్ గిటార్ లేకుండా ఒంటరిగా వాయిస్తే సగం బరువు ఎలాగూ తగ్గుతుంది, దానికి గిటార్‌ని తిట్టుకోకండి.

ఇంకో రెండు తప్పులు మామూలుగా జరుగుతాయి. అక్కర్లేని తీగలు వాటంతటవే మోగుతుంటాయి. మీటే చేతి అంచుతో, నొక్కే చేతి ఖాళీ వేళ్లతో వాటిని నొక్కిపెట్టాలి. రెండోది తొందర. మూడో స్వరాన్ని దాని కాలం పూర్తికాకముందే వదిలేస్తారు. మెట్రోనోమ్ 60కి పెట్టుకుని, ఆగడం అలవాటయ్యేదాకా సాధన చేయండి. పాట చివర్లో వేగం పెరిగే భాగం అంతకంటే తేలిక.

ప్రశ్న: జి ని షడ్జమం అనుకుంటే సి షార్ప్ ప్రతి మధ్యమమే కదా! కల్యాణిలో అంత హాయిగా ఉండే స్వరం ఇక్కడ దడ పుట్టిస్తుందేం? దీన్ని ఒకప్పుడు చర్చి నిషేధించిందట, నిజమేనా? (రాజమహేంద్రవరం)

ప్రతి మధ్యమమే. మన 72 మేళకర్తల్లో 37 నుంచి చివరిదాకా అన్నిటిలో ఉన్నది అదే, కాబట్టి స్వరంలో దోషం లేదు. కల్యాణిలో దానికి కింద గాంధారం, పైన పంచమం తోడుంటాయి, వెనక తంబురా షడ్జమ పంచమాలు పలుకుతూ ఉంటుంది. ఈ పాటలో షడ్జమం నుంచి నేరుగా దానిమీదికి దూకి అక్కడే ఉండిపోతారు. వణికించేటప్పుడు తగిలే డి పంచమమే. అది తొంగిచూస్తుంది గానీ నిలవదు. చెవి విశ్రాంతి కోసం ఎదురుచూస్తుంది, పాట దాన్ని ఇవ్వదు. హార్మోనియం మీద ఒకసారి పంచమంలో ఆపి, ఒకసారి ఆపకుండా వాయిస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

చర్చి నిషేధానికీ శిక్షలకీ ఆధారాల్లేవు. మధ్యయుగపు సంగీత నియమాలు ఈ అంతరాన్ని, అంటే ఈ రెండు స్వరాల మధ్య దూరాన్ని, తప్పించమన్నమాట నిజం. ‘సంగీతంలో సైతాను’ అన్న లాటిన్ పేరు 18వ శతాబ్దపు శాస్త్ర గ్రంథాల్లో కనిపిస్తుంది. అయోమీకి ఈ స్వరం అంతకంటే దగ్గరి దారిలోనే చేరింది. ఇంగ్లిష్ స్వరకర్త గుస్తావ్ హోల్‌స్ట్ ఆర్కెస్ట్రా రచన ‘ది ప్లానెట్స్’లోని ‘మార్స్’ అంటే బట్లర్‌కి ఇష్టం, అందులోని ఈ అంతరాన్ని వాయిస్తుండేవాడు.

ప్రశ్న: ఇవి సైతానుని కొలిచే పాటలేనా? (ఖమ్మం)

మొదటి పాట మాటలు శ్రద్ధగా వినండి. నల్లటి ఆకారాన్ని చూసి వణికిపోతూ, కాపాడమని దేవుణ్ణి వేడుకునేవాడి గొంతు అది. ‘ఎన్.ఐ.బి.’లో మాట్లాడేది లూసిఫరే, కానీ ప్రేమలో పడ్డ లూసిఫర్. ఆ పేరు వెనక రహస్యం వెతికినవాళ్లు చాలామంది ఉన్నారు. నిజానికి డ్రమ్మర్ బిల్ వార్డ్ గడ్డం పెన్ను పాళీలా, అంటే నిబ్‌లా, ఉందని పెట్టిన పేరది. ‘ది విజర్డ్’ వెనక రచయిత టోల్కీన్ సృష్టించిన మాంత్రికుడు గాండాల్ఫ్ ఉన్నాడు, ‘బిహైండ్ ద వాల్ ఆఫ్ స్లీప్’ పేరులో భయానక కథల రచయిత లవ్‌క్రాఫ్ట్ కథ ఉంది. చదువుకున్న పుస్తకాల ప్రభావమే ఎక్కువ. అట్ట లోపలి తలకిందుల శిలువ రికార్డు కంపెనీ ఆలోచన, బృందాన్ని అడగలేదు. జనం గుర్తుంచుకున్నది మాత్రం దాన్నే.

ప్రశ్న: అయోమీ వేళ్లు తెగడం వల్లే తీగలు వదులు చేశాడంటారు. ఈ ఆల్బమ్ కూడా అలాగే ట్యూన్ చేయాలా? (అనంతపురం)

అక్కర్లేదు, ఇది మామూలు ట్యూనింగే. 17 ఏళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు కొసలు తెగాయి. ఆయన ఎడమచేతి వాటం గనక తీగలు నొక్కేది ఆ చేయే. ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకున్నాడు, సన్నని తీగలు వాడాడు. తీగల శ్రుతిని మూడు అర్ధస్వరాలు దించడం 1971లో ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ ఆల్బమ్‌తో మొదలైంది. ‘చిల్డ్రన్ ఆఫ్ ద గ్రేవ్’, ‘లార్డ్ ఆఫ్ దిస్ వరల్డ్’, ‘ఇంటూ ద వాయిడ్’ పాటల్లో వినొచ్చు.

మీరు దించదలిస్తే సన్నని 9 సెట్ తీగల బదులు మందమైన 11 సెట్ వేయండి. లేకపోతే తీగ ఫ్రెట్లకు కొట్టుకుని గరగరమంటుంది, కొంచెం గట్టిగా నొక్కినా శ్రుతి పెరిగిపోతుంది. మార్చాక 12వ ఫ్రెట్ దగ్గర శ్రుతి సరిచూసి బ్రిడ్జి సర్దుకోండి.

ప్రశ్న: నా దగ్గరున్న రికార్డులో ‘ఈవిల్ వుమన్’ లేదు. నకిలీదా? (చికాగో)

కాదు, అమెరికా ముద్రణ. 1970 ఫిబ్రవరి 13న బ్రిటన్‌లో వచ్చిన రికార్డు రెండో వైపు ‘ఈవిల్ వుమన్’తో మొదలవుతుంది. అది క్రో అనే అమెరికన్ బృందం పాట. అమెరికాలో దాని చోట ‘వికెడ్ వరల్డ్’ పెట్టారు. మీ అట్టమీద ‘వాస్ప్’, ‘బేసికలీ’, ‘ఎ బిట్ ఆఫ్ ఫింగర్’ అనే పేర్లు కూడా ఉంటే కంగారు పడకండి. పాటల మొదళ్లకు అక్కడ విడిగా పేర్లు పెట్టారు, సంగీతం అదే. మీకు దక్కిన ‘వికెడ్ వరల్డ్’ని తీసిపారేయకండి. అయోమీ దాన్ని ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌తో వాయించాడు. తర్వాత ఆ గిటార్ పికప్ (తీగల కదలికను పట్టే భాగం) చెడిపోవడంతో గిబ్సన్ ఎస్‌జీ అందుకున్నాడు. మిగతా పాటల పక్కన పెట్టి వింటే గిటార్ గొంతు మారడం పోల్చుకోవచ్చు.