ఉత్తరం మాకు చేరేసరికి 72 గంటలు దాటిపోతున్నాయి

ప్ర: నాకు 24 ఏళ్లు, గేని. మూడు వారాల కింద ఒకతనితో ఉన్నప్పుడు కండోమ్ చిరిగింది. నేను బాటమ్ (లోపలికి తీసుకునేవాణ్ని). జారడానికి కొబ్బరి నూనె వాడాం. అతనికి హెచ్ఐవీ ఉందో లేదో తెలియదు. తెల్లారి మెడికల్ షాపులో ‘72 గంటల మాత్ర’ అడిగితే ఐ-పిల్ చేతిలో పెట్టారు. హెచ్ఐవీ సోకకుండా వేసుకునే పెప్ అనేది వేరే ఉందని ఐదో రోజుకు గానీ తెలియలేదు. ఇప్పుడు మొదలుపెట్టొచ్చా?
– పేరు వద్దు, విజయవాడ

జ: ఇప్పుడు వేసుకుని లాభం లేదండీ. వైరస్ లోపలి పొర దాటి, లింఫు గ్రంథులకు చేరి, కణాల్లో పాతుకోవడానికి రెండు మూడు రోజులు పడుతుంది. పెప్ పని చేసేది ఆ సందులోనే. ఐ-పిల్‌కీ దీనికీ పోలిక ఆ 72 గంటల దగ్గరే ఆగిపోతుంది. అది గర్భం రాకుండా వేసే ఒక్క మాత్ర. ఇది 28 రోజుల కోర్సు.

మీకిప్పుడు కావాల్సింది పరీక్ష. ల్యాబులో ‘ఫోర్త్ జనరేషన్’ హెచ్ఐవీ టెస్ట్ ఇవాళ ఒకసారి, 45 రోజులు నిండాక ఒకసారి చేయించండి. ఐసీటీసీలో (ప్రభుత్వ హెచ్ఐవీ పరీక్షా కేంద్రంలో) ఉచితంగా చేసే ర్యాపిడ్ టెస్ట్ అయితే మూడు నెలలకు నెగెటివ్ వస్తేనే ఖాయం. ఈలోపు జ్వరం, గొంతు నొప్పి, ఒంటి మీద దద్దుర్లు వస్తే వైరల్ ఫీవర్‌లే అని వదిలేయకుండా డాక్టరుకు జరిగింది చెప్పండి. అప్పటిదాకా కండోమ్ తప్పనిసరి, రక్తదానం వద్దు.

కండోమ్ చిరగడానికి కారణం బహుశా ఆ కొబ్బరి నూనే. నూనె తగిలితే లేటెక్స్ నిమిషాల్లో బలహీనపడుతుంది. వాజిలిన్ అయినా అంతే. నీటితో చేసిన జెల్ వాడండి.

ప్ర: ఇలాంటిది జరిగితే ముందు ఎక్కడికి వెళ్లాలి? డాక్టరుకు ఎంతవరకు చెప్పాలి?
– ఎం., వరంగల్

జ: పైపైన నీళ్లతో కడుక్కుంటే చాలు. ఎనిమా, డెటాల్ జోలికి పోకండి, లోపలి పొర గీరుకుపోతే వైరస్‌కు దారి ఇంకా సులువవుతుంది. తర్వాత ఏఆర్టీ సెంటర్ (హెచ్ఐవీ మందులిచ్చే కేంద్రం) ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లండి: హైదరాబాద్‌లో గాంధీ, ఉస్మానియా, విశాఖలో కేజీహెచ్ వంటివి. రాత్రయితే క్యాజువాలిటీలో అడగండి. దగ్గర్లో ఎక్కడుందో హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేస్తే చెబుతారు. మొదటి మాత్ర రెండు గంటల్లో పడితే మేలు, 72 గంటలు ఆఖరి గడువు. రిపోర్టుల కోసం మొదటి మాత్ర ఆపకూడదు.

సిబ్బందికి సూది గుచ్చుకున్నా, ఎవరిమీదైనా లైంగిక దాడి జరిగినా పెప్ ఇవ్వాలని ఆసుపత్రుల్లో తెలుసు. ఇష్టపడి కలిసినవాళ్లను మాత్రం కొన్నిచోట్ల తిప్పి పంపుతారు. అక్కడ వాదిస్తూ గంటలు పోగొట్టుకోకండి. ప్రైవేటు ఫిజీషియన్ చీటీ రాస్తే బయట కొనుక్కోవచ్చు.

డాక్టరు దగ్గర ‘అమ్మాయితో’ అని మాత్రం అబద్ధం చెప్పొద్దు. సిగ్గు సంగతి అటుంచితే, లెక్కే మారిపోతుంది. భాగస్వామికి మందులు వాడని హెచ్ఐవీ ఉంటే బాటమ్‌కు 10,000 సార్లకు సుమారు 138 సార్లు వైరస్ సోకితే, టాప్‌కు (చొప్పించేవాడికి) సుమారు 11. స్త్రీతో కలిసిన మగవాడికి అంతకంటే తక్కువ. మీ మాట నమ్మి డాక్టరు ‘అక్కర్లేదు’ అంటే నష్టం మీదే. మగవాళ్ల మధ్య ఇష్టపూర్వక సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018లోనే తేల్చింది.

రాసేది సాధారణంగా టీఎల్డీ: టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోల్యుటెగ్రవిర్ 50 మి.గ్రా. కలిపిన ఒకే మాత్ర, రోజుకొకటి. డబ్బాలో 30 ఉంటాయి, మీకు 28 చాలు. మొదటి రోజే హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, క్రియాటినిన్‌కు రక్తం ఇవ్వండి. హెపటైటిస్ బి ఉన్నవాళ్లు కోర్సు అయిపోయిందని సొంతంగా మానేస్తే లివర్ వాపు ఎగదన్నవచ్చు, ఈ మందులు ఆ వైరస్‌నూ అణచి ఉంచుతాయి గనక.

కొందరు తప్పటడుగు వేసేది కోర్సు మధ్యలో. వికారం, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం చూసి ‘ఇక చాల్లే’ అని ఆపేస్తారు. 28 రోజులన్నది ఊరికే పెట్టిన లెక్క కాదు. 1998లో కోతుల మీద చేసిన ప్రయోగంలో, హెచ్ఐవీ లాంటి వైరస్ ఎక్కించిన 24 గంటల్లో మొదలుపెట్టి 28 రోజులు టెనోఫోవిర్ ఇచ్చినవన్నీ బయటపడ్డాయి. 3 లేదా 10 రోజులతో ఆపినచోట అన్నీ బయటపడలేదు. నిద్ర పట్టకపోతే మాత్ర పొద్దున వేసుకోండి. ఇంకో చిక్కు గ్యాస్ మందు. జెలూసిల్ లాంటివి డోల్యుటెగ్రవిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. ఈ మాత్ర వేసుకున్న రెండు గంటల తర్వాతో, ఆరు గంటల ముందో తాగాలి. ఐరన్, కాల్షియం మాత్రలైతే అన్నంతో కలిపి దీనితోపాటే వేసుకోవచ్చు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు ముందే చెప్పాలి, డోసు తగ్గించాల్సి రావచ్చు. ఒక పూట మరిస్తే గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి, రెండు కలిపి మింగొద్దు.

ప్ర: నా పార్ట్‌నర్ పాజిటివ్. ఏడాదిగా మందులు వాడుతున్నాడు, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) కనబడటం లేదని రిపోర్టు. కండోమ్ జారింది. పెప్ కావాలా?
– కె., విశాఖ

జ: అక్కర్లేదు. మందు మానకుండా వేసుకుంటూ, వైరల్ లోడ్ కనబడనంత తగ్గినవాళ్ల నుంచి సెక్స్ ద్వారా హెచ్ఐవీ సోకదు. ఆ రిపోర్టు ఎప్పటిదో మాత్రం ఒకసారి చూసుకోండి.

ప్ర: ఏడాదిలో రెండుసార్లు పెప్ వాడాను. మళ్లీ మళ్లీ వాడొచ్చా?
– హైదరాబాద్ పాఠకుడు

జ: వాడొచ్చు గానీ, మీకు సరిపోయేది ప్రెప్, అంటే హెచ్ఐవీ సోకకుండా ముందునుంచే వేసుకునే మందు. టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటబిన్ కలిసిన మాత్ర అది, రోజుకొకటి. పెప్ 28వ రోజు హెచ్ఐవీ పరీక్ష నెగెటివ్ వస్తే మర్నాటి నుంచే ప్రెప్‌కు మారొచ్చు, మధ్యలో ఖాళీ వదలక్కర్లేదు.