జపాన్‌లోని కోబే నగరంలో జరిగే దీపాల పండుగ లుమినారియే చూడాలంటే ఎప్పుడు వెళ్లాలి?

డిసెంబర్‌కి టికెట్లు బుక్ చేసుకోకండి. పాత ట్రావెల్ సమాచారంలో ఇంకా డిసెంబర్ అనే ఉంటుంది గానీ, కోవిడ్ వల్ల 2020 నుంచి ఆగిన ఈ దీపాల పండుగ 2024లో జనవరి చివరికి మారింది. ఏటా తేదీలు కాస్త అటూ ఇటూ అవుతాయి కాబట్టి ముందే చూసుకోండి.

జనవరికి మారడంలో అర్థం ఉంది. 1995 జనవరి 17న తెల్లవారుజామున 5:46కి వచ్చిన భూకంపంలో 6,400 మందికి పైగా చనిపోయారు. వాళ్ల స్మారకంగా, కుంగిపోయిన నగరానికి ధైర్యమివ్వడానికి ఆ డిసెంబర్‌లోనే ఇది మొదలైంది. ఇటలీ శైలిలో రంగురంగుల దీపాలతో కట్టిన ఎత్తైన తోరణాలు, గుడి గోపురమంత హుందాగా ఉంటాయి. అందుకే అక్కడ జాతర హడావిడి కన్నా ఒక రకమైన గౌరవం కనిపిస్తుంది. సెల్ఫీలు మాత్రం మామూలే!

ఒసాకా నుంచి కోబే నడిబొడ్డున ఉన్న సన్నోమియా స్టేషన్‌కి జేఆర్ (జపాన్ రైల్వేస్) స్పెషల్ ర్యాపిడ్ రైల్లో అరగంట కూడా పట్టదు. ఇప్పుడు వేదికలు ఒకటి కన్నా ఎక్కువ. హిగాషి యూయెంచి పార్కు ఉచితం, రేవు పక్కన మెరికెన్ పార్కులో కొంత భాగానికి టికెట్ ఉంటుంది. వారాంతంలో రద్దీ ఎక్కువ, నా సలహా మామూలు రోజే. సముద్రపు గాలి కొరికేస్తుంది, మంకీ క్యాప్‌కి మొహమాటపడకండి. విరాళాల పెట్టెలో 100 యెన్‌లు వేయండి, ఈ పండుగ కొనసాగడానికి అవి కూడా ఆధారమే.