యాప్ తేదీ ఒకటి, స్కానింగ్ తేదీ ఒకటి

ప్రశ్న: డాక్టరమ్మగారూ, మాది భాకరాపేట దగ్గర పల్లె. తొలిచూలు, ఏడో నెల. మా ఆయన తన ఫోన్లో గర్భిణుల యాప్ వేశాడు. అందులో ఉన్న కాన్పు తేదీ కన్నా, మూడో నెలలో తిరుపతిలో చేసిన స్కానింగ్‌లో 12 రోజులు ఆలస్యంగా రాశారు. నాకు నెలసరి ఎప్పుడూ ఆలస్యమే. ఏది నమ్మాలి? బిడ్డ కదిలినప్పుడల్లా బటన్ నొక్కమంటుంది. పగలంతా ఫోన్ ఆయనతోనే పోతుంది. రాత్రి చూస్తే ‘కదలికలు నమోదు కాలేదు’ అని ఎర్రగా ఉంటుంది. టెన్షన్‌తో నిద్ర పట్టదు. పైగా అవకాడో తినమంటుంది. మా అత్తేమో ‘మేమంతా ఏ యాప్ చూసి కన్నాం?’ అంటుంది.
– ఒక సోదరి

జవాబు: స్కానింగ్ తేదీనే పట్టుకోండమ్మా. యాప్ చేసేదల్లా చివరి నెలసరి మొదటి రోజుకు 280 రోజులు కలపడమే. 28 రోజులకోసారి నెలసరి వచ్చేవాళ్లకు ఆ లెక్క సరిపోతుంది. మీలా ఆలస్యంగా వచ్చేవాళ్లకు గర్భం నిలిచేదే ఆలస్యం, కాన్పూ అంతే. మూడో నెల స్కానింగ్‌లో బిడ్డ పొడవు కొలుస్తారు. ఆ వయసులో బిడ్డలందరూ ఇంచుమించు ఒకేలా పెరుగుతారు కాబట్టి తేడా తక్కువ. ఎనిమిదో నెల స్కానింగ్‌లో ఇంకో తేదీ కనిపించినా కంగారుపడొద్దు. మొదటిదాన్నే మీ ఊరి నర్సమ్మ (ఏఎన్ఎమ్) చేత ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల రక్షణ కార్డు) మీద రాయించుకోండి. ఆస్పత్రిలో అడిగేది ఆ కార్డే.

ఇక ఆ ఎర్ర అక్షరాలు. ఫోన్ మీ దగ్గర లేదనే తప్ప బిడ్డ కదల్లేదని కాదు వాటి అర్థం. మధ్యాహ్నం సంకటి తిన్నాక ఎడమ పక్కకు తిరిగి పడుకుని గమనించండి. రెండు గంటల్లో పది కదలికలన్నది వాడుకలో ఉన్న లెక్క. దానికన్నా మీ బిడ్డకు రోజూ ఉండే తీరు ముఖ్యం. అది తగ్గిందనిపిస్తే తెల్లారే దాకా ఆగకండి, యాప్‌ని అడగకండి, 108కి ఫోన్ చేయండి. మీరు ఘాట్ దిగి రావాలి, ఆ టైమూ లెక్కలో వేసుకోవాలి. విపరీతమైన తలనొప్పి, కళ్లు మసకలు, ముఖం వాపు, రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, వీటిలో ఏది కనిపించినా అంతే.

అసలు నాకు బెంగ మీ యాప్ గురించి కాదు. పగలు నొప్పులొస్తే ఏ ఫోన్‌తో పిలుస్తారు? మీ ఆయన్ని ఇప్పుడే ఒక బటన్ల ఫోన్ కొనిపెట్టమనండి. స్మార్ట్‌ఫోన్ ఆయన దగ్గరే ఉండనీయండి, నష్టం లేదు.

అవకాడో ఊసు వదిలేయండి. అది రాసినవాళ్లు మన సంతలు చూసుండరు. మునగాకు, వేరుశెనగలు, గుడ్డు, రాగులు మీ ఇంట్లోనే ఉంటాయి. ఐరన్ మాత్ర మాత్రం టీతో వేసుకోవద్దు, క్యాల్షియంతో కలిపీ వద్దు. ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలుంటాయి. వెళ్లి బీపీ, హిమోగ్లోబిన్ చూపించుకోండి. బీపీ 140/90కి చేరినా, హిమోగ్లోబిన్ 11 కన్నా తగ్గినా డాక్టరుతో మాట్లాడకుండా ఇంటికి రావద్దు. వెళ్లేటప్పుడు మీ అత్తగారిని కూడా వెంట తీసుకెళ్లండి.