బైపీసీ పాప జెనెటిక్స్ చదువుతానంటోంది, ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పూతలపట్టు. నాలుగెకరాల్లో మామిడి, శనక్కాయలు పండిస్తాం. పాప ఇంటర్ బైపీసీ సెకండియర్. నీట్ రాస్తుంది గానీ సీటొస్తుందన్న నమ్మకం లేదు. జెనెటిక్స్ చదువుతానని పట్టుబడుతోంది. వాళ్ల నాన్నేమో లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేర్పిద్దామంటారు. ఈ చదువుతో ఉద్యోగాలొస్తాయా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు మీరు అడిగినదానికే సూటిగా చెబుతాను. జెనెటిక్స్ అని పేరున్న బీఎస్సీతో ఆగిపోతే మంచి ఉద్యోగం దొరకడం కష్టం. ఎమ్మెస్సీ దాకా, అంటే కనీసం ఐదేళ్లు చదివించగలమనుకుంటేనే ఈ దారిలో దిగండి. అంతవరకు చదివించగలిగితే మాత్రం, డాక్టరు సీటు రాలేదని సరిపెట్టుకునే చదువు కాదిది. నేనైతే ధైర్యంగా పంపిస్తాను.

పని ఎలా ఉంటుందో మనం తినే సాంబ మసూరి బియ్యంతోనే చెబుతాను. ఆ వరికి బాక్టీరియా ఆకు ఎండు తెగులు పెద్ద బెడద. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రం కలిసి, తెగులును తట్టుకునే మూడు జన్యువులను అందులోకి తెచ్చి 2008లో మెరుగుపరచిన రకాన్ని ఇచ్చాయి. తట్టుకునే వరితో సంకరం చేస్తే వందల మొక్కలు వస్తాయి. వాటిలో ఏ మొక్కకు ఆ మూడూ వచ్చాయో కంటితో చూస్తే తెలియదు. అందుకని మొక్క చిన్నగా ఉన్నప్పుడే ఆకుముక్క తుంచి, నూరి, డీఎన్‌ఏ తీస్తారు. నీటిబొట్టులో యాభయ్యో వంతు ఉండే ద్రవాన్ని పిపెట్‌తో కొలిచి చిన్న ట్యూబుల్లో వేసి, కావలసిన డీఎన్‌ఏ ముక్కను ఎన్నో రెట్లు పెంచే పీసీఆర్ మెషిన్‌లో పెడతారు. తర్వాత జెల్ అనే మెత్తటి పలక మీద కరెంటుతో నడిపిస్తే అడ్డగీతలు కనిపిస్తాయి. గీత ఎక్కడ పడిందో చూసి ఈ మొక్కను ఉంచాలి, ఆ మొక్కను తీసేయాలి అని తేలుస్తారు. ఒక్కోసారి ఏ గీతా రాదు, మళ్లీ మొదటికే. ఈ పనికి ఓపిక కావాలి. పాపకు ఆ ఓపిక ఉందో లేదో ఆమె మార్కుల కన్నా ముందు చూడండి.

జన్యువును కావలసిన చోట కోసి సవరించే క్రిస్పర్ పద్ధతికి 2020లో నోబెల్ వచ్చింది, దాని గురించి పాప మీకు చెప్పే ఉంటుంది. దాంతో అదే సాంబ మసూరిలో ఒక జన్యువును సవరించి తయారుచేసిన ‘కమల’ రకాన్ని 2025 మేలో మన దేశంలో ప్రకటించారు. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే సికిల్ సెల్ జబ్బుకు క్రిస్పర్ చికిత్సను 2023లో బ్రిటన్, అమెరికా ఆమోదించాయి.

నాకు ఎక్కువ ఆశ ఉన్నది మాత్రం జెనెటిక్ కౌన్సెలింగ్ మీద, అంటే వంశపారంపర్య జబ్బుల గురించి కుటుంబాలకు విడమరచి చెప్పే పని మీద. మన రాయలసీమలో మేనరికాలు, మేనమామతో పెళ్లిళ్లు ఎన్ని జరుగుతాయో మీకు చెప్పాలా? దగ్గరి రక్తసంబంధంలో భార్యాభర్తలిద్దరికీ ఒకే లోపమున్న జన్యువు ఉండే అవకాశం పెరుగుతుంది. రక్తం సరిగా తయారుకాని తలసేమియా జబ్బునే చూడండి. తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతే, అంటే ఒక్కొక్కరిలో లోపమున్న జన్యువు ఒక్కటి దాగి ఉంటే, వాళ్లు ఆరోగ్యంగానే ఉన్నా, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ‘మొదటి బిడ్డకు వచ్చేసింది కదా, ఇక రెండో బిడ్డకు రాదులే’ అనుకుంటారు చాలామంది. అది నిజం కాదు, రెండో కాన్పుకూ అదే 25 శాతం. పెళ్లికి ముందో, గర్భం తొలినెలల్లోనో రక్తపరీక్ష చేయించుకుంటే ఎవరు వాహకులో తెలుస్తుంది. ఈ మాటను ఎవరినీ నొప్పించకుండా, తప్పు ఎవరి మీదా వేయకుండా మన భాషలో చెప్పగలిగే మనిషి కావాలి. ప్రస్తుతానికి ఈ ఉద్యోగాలు ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరు, చెన్నై లాంటి నగరాల ఆసుపత్రుల్లోనే ఉన్నాయి. దీనికి ప్రత్యేకంగా ఎమ్మెస్సీ చేయాలి.

ఇక ఎక్కడ చదవాలంటే, మీకు ఇల్లు దాటి ఎక్కువ దూరం పోనక్కర్లేదు. ఏర్పేడు దగ్గరున్న కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ ఐసర్ తిరుపతిలో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ ఉంది. నా మొదటి ఓటు దానికే. ప్రవేశపరీక్ష పేరు ఐఏటీ. దరఖాస్తులు సాధారణంగా మార్చి, ఏప్రిల్ నెలల్లో తీసుకుంటారు. 60 ప్రశ్నల్లో 15 లెక్కలవి ఉంటాయని బైపీసీ పిల్లలు భయపడి వదిలేస్తారు. బైపీసీ వాళ్లూ రాయొచ్చు, మిగతా 45 ప్రశ్నలు నీట్‌కు చదివిన సబ్జెక్టులవే. సంభావ్యత, గ్రాఫులు వరకైనా లెక్కలు నేర్చుకోమనండి, తర్వాత జీనోమ్ (ఒక జీవి మొత్తం డీఎన్‌ఏ) డేటా చూసేటప్పుడు అవే పనికొస్తాయి. మనిషి జీనోమ్‌లో 300 కోట్ల అక్షరాలుంటాయి, కంప్యూటర్ లేకుండా ఈ రంగంలో అడుగు కదలదు.

మీది సేద్యం చేసే కుటుంబం కాబట్టి ఇంకో దారి కూడా చెబుతాను. ఈఏపీసెట్ రాసి తిరుపతి ఎస్వీ వ్యవసాయ కళాశాలలో బీఎస్సీ అగ్రికల్చర్ చేసి, ఆపైన జెనెటిక్స్, ప్లాంట్ బ్రీడింగ్‌లో ఎమ్మెస్సీ చేయొచ్చు. నారాయణి, ధరణి శనక్కాయ రకాలు తిరుపతి పరిశోధన కేంద్రం నుంచి వచ్చినవే. విత్తన కంపెనీల్లో, వ్యవసాయ శాఖలో ఉద్యోగాలకు ఈ దారి భద్రమైనది. ఈ రెండూ కుదరకపోతే మామూలు బీఎస్సీలో బయోటెక్నాలజీయో, జువాలజీయో, బాటనీయో తీసుకుని, ఎస్వీ యూనివర్సిటీలోనో పద్మావతి మహిళా యూనివర్సిటీలోనో ఎమ్మెస్సీ చేయించండి.

జీతం సంగతి. ఎమ్మెస్సీ అయిన కొత్తలో సాఫ్ట్‌వేర్ పిల్లల కన్నా తక్కువే వస్తుంది, ఇది తెలిసే దిగాలి. పీహెచ్‌డీకి జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకు పరీక్ష ద్వారా ఇచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంటే నెలకు 37 వేల రూపాయల ఫెలోషిప్, అద్దెభత్యం అదనం.

పాపకు నిజంగా డాక్టరు కావాలని ఉంటే ఒక్క ఏడాది లాంగ్‌టర్మ్ తప్పు కాదు. లేకపోతే వాళ్ల నాన్న సంతోషం కోసం ఆ ఏడాది పోగొట్టకండి, డబ్బుకు డబ్బు, టెన్షన్‌కు టెన్షన్.

ఏ కాలేజీలో చేర్పించినా ఫీజు కట్టకముందు ఫైనలియర్ పిల్లలనే అడగండి: పీసీఆర్ మెషిన్ మీ చేతులతో ఎన్నిసార్లు నడిపారు, ప్రాజెక్టు ఎక్కడ చేశారు, మీ సీనియర్లు ఇప్పుడు ఎక్కడున్నారు? మెషిన్‌ను అద్దాల వెనక చూశామంటే మాత్రం ఆ కాలేజీ వద్దు.